వైకల్య అధ్యయనములు: సంఘ కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఒక పరిచయము

పరిచయము

మేము పరిచర్య ప్రారంభించిన తొలి సంవత్సరాలలో ఒక తల్లి ప్రతి ఆదివారము తన ఎనిమిదేళ్ళ కుమారుని చంకనెత్తుకొని ఆరాధనకు వచ్చేది. ఆ అబ్బాయికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, మాట స్పష్టముగా రాదు. గాని పాట మొదలైతే పెద్దగా గొంతు కలిపేవాడు. మేము ప్రతి వారము ఆ తల్లీబిడ్డలను ముందుకు పిలిచి, అబ్బాయి తలమీద చేతులుంచి స్వస్థత కొరకు ప్రార్థించేవారము. కొన్ని నెలలకు ఆమె రావడము మానివేసింది. ఇంటికి వెళ్ళి అడిగినప్పుడు ఆమె చెప్పిన మాట ఇప్పటికీ మాకు గుర్తున్నది: "అయ్యగారూ, మా బాబు పాటలు పాడడానికి వస్తున్నాడు. మీకు వాడి కాళ్ళే కనిపిస్తున్నాయి."

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. సెమినరీలో మేము గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాము. క్రమబద్ధ వేదాంతము చదివాము. ప్రసంగశాస్త్రములో మంచి మార్కులే వచ్చాయి. అయితే ఆ తల్లి వేసిన ప్రశ్న ఏ పాఠ్యాంశములోనూ రాలేదు. చాలా కాలము తరువాత "వైకల్య అధ్యయనములు" అనే విద్యారంగముతో పరిచయము కలిగినప్పుడు, ఆమె ఒక్క వాక్యములో చెప్పిన విషయమునే కొందరు పండితులు నలభై, యాభై ఏళ్ళుగా గ్రంథములలో చర్చిస్తున్నారని తెలుసుకున్నాము. ఆ రంగము ఎలా పుట్టింది, ఏమి బోధిస్తుంది, దానిలోని అభిప్రాయభేదములేమిటి, మన వాక్యపఠనమునకూ పరిచర్యకూ అది ఎలా ఉపయోగపడుతుంది అనే విషయములను ఈ వ్యాసములో క్లుప్తముగా వివరించదలచాము.

1. ఈ రంగము దేనిని అధ్యయనము చేస్తుంది?

వైకల్యమును గూర్చి చదివే శాస్త్రములు ఇంతకు ముందే ఉన్నాయి. వైద్యశాస్త్రము ఉంది, పునరావాస శాస్త్రము ఉంది, ప్రత్యేక విద్య ఉంది. వీటన్నిటిలో సాధారణముగా కనిపించే ప్రశ్న ఒక్కటే: "ఈ మనిషిలో ఉన్న లోపమేమిటి? దానిని ఎలా సరిచేయాలి లేదా తగ్గించాలి?" వైకల్య అధ్యయనములు ప్రశ్నను అటునుండి ఇటు త్రిప్పుతాయి. "ఇలాంటి దేహము గలవారిని సమాజము ఇలా చూడడానికి కారణమేమిటి? సంపూర్ణమైన దేహము ఇలా ఉండాలని ఎవరు నిర్ణయించారు? ఆ నిర్ణయము వలన ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట ఉన్నారు?" అని అడుగుతాయి. సమాజశాస్త్రము, చరిత్ర, సాహిత్య విమర్శ, న్యాయశాస్త్రము, తత్వశాస్త్రము, వేదాంతము అన్నీ ఇందులో కలుస్తాయి.

మన పాఠకులకు ఒక పోలిక చెబితే సులభముగా అర్థమవుతుంది. దళిత వేదాంతము రాకమునుపు కూడా దళితులను గూర్చిన పుస్తకములు ఉండేవి. అయితే వాటిలో దళితులు ఇతరులు పరిశీలించే వస్తువులు. దళిత వేదాంతముతో వారే మాటలాడేవారైనారు. అలాగే వైకల్య అధ్యయనములలో వైకల్యము గలవారు రోగులుగా, దయకు పాత్రులుగా కాక, జ్ఞానమును ఉత్పత్తి చేసేవారుగా ముందుకు వచ్చారు. "మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు" అనేది ఈ ఉద్యమపు నినాదము. 1998లో జేమ్స్ చార్ల్‌టన్ వ్రాసిన గ్రంథమునకు ఈ నినాదమే పేరైనది.

2. ఈ రంగము పుట్టుక

ఈ రంగము విశ్వవిద్యాలయములో పుట్టలేదు. వికలాంగుల ఆశ్రమములలో, వీధి పోరాటములలో పుట్టింది. బ్రిటన్‌లో పాల్ హంట్ అనే వ్యక్తి కండరముల క్షీణత వలన హాంప్‌షైర్‌లోని ఒక ఆశ్రమములో నివసించేవారు. వైకల్యము గలవారే వ్రాసిన వ్యాసములను కూర్చి 1966లో ఆయన ఒక సంపుటి వెలువరించారు. 1972లో గార్డియన్ పత్రికకు లేఖ వ్రాసి, ఇలాంటి ఆశ్రమములలో బంధింపబడినట్లున్న వారందరూ ఒక సంఘముగా ఏర్పడాలని పిలుపునిచ్చారు. ఆ పిలుపు నుండి "ఏకాంతీకరణకు వ్యతిరేకముగా శారీరక లోపములు గలవారి యూనియన్" ఏర్పడింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను ఎదిరించి చెరసాల అనుభవించి, బ్రిటన్‌కు వచ్చిన విక్ ఫింకెల్‌స్టీన్ ఇందులో ముఖ్యుడు. ఆయన చక్రాల కుర్చీ వాడేవారు. చర్మపు రంగును బట్టి మనుషులను వేరుచేసే వ్యవస్థను చూచిన కన్నులతోనే, దేహమును బట్టి వేరుచేసే వ్యవస్థను కూడా ఆయన చూడగలిగారు.

ఈ యూనియన్ 1976లో ప్రచురించిన చిన్న పుస్తకములో ఒక ముఖ్యమైన విభజన ఉన్నది. దేహములోని లోపము ఒకటి, ఆ లోపము గలవారి మీద సమాజము మోపే అడ్డంకి మరియొకటి. ఈ ఆలోచనకు "సామాజిక నమూనా" అని పేరు పెట్టినవారు మైక్ ఆలివర్. యౌవనములో ఈత కొడుతూ వెన్నెముకకు గాయమై చక్రాల కుర్చీకి చేరిన ఆయన 1983లో ఈ పేరును వాడి, 1990లో "వైకల్యీకరణ రాజకీయములు" అనే గ్రంథములో దానిని విస్తరించారు. 1986లో ఈ రంగమునకు ప్రత్యేకమైన పరిశోధన పత్రిక కూడా బ్రిటన్‌లో ప్రారంభమైనది.

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ పదునాలుగేళ్ళ వయస్సులో పోలియో బారినపడ్డారు. ఊపిరి తీయడానికి యంత్రము కావలసిన స్థితిలోనే 1962లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చేరారు. 1972లో ఆయన, ఆయన స్నేహితులు అక్కడ స్వతంత్ర జీవన కేంద్రమును స్థాపించారు. ప్రభుత్వ ధనము పొందే ఏ సంస్థ కూడా వైకల్యమును బట్టి వివక్ష చూపరాదని 1973 చట్టములోని 504వ సెక్షన్ చెప్పింది గాని, ఆ సెక్షన్‌ను అమలుచేసే నిబంధనలపై సంతకము జరగలేదు. 1977 ఏప్రిల్‌లో వైకల్యము గలవారు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనములో దాదాపు నాలుగు వారములు బైఠాయించి ఆ సంతకమును సాధించారు. సమాజశాస్త్ర ఆచార్యుడు ఇర్వింగ్ జోలా 1982లో ఆరంభించిన పండిత బృందము తరువాత "సొసైటీ ఫర్ డిసెబిలిటీ స్టడీస్" అయినది. 1990 జూలై 26న అమెరికా వికలాంగుల చట్టముపై రాష్ట్రపతి సంతకము చేశారు.

ఇక్కడ మనము సిగ్గుతో గమనించవలసిన ఒక విషయము ఉన్నది. దుకాణములు, హోటళ్ళు, సినిమాహాళ్ళు అన్నీ వైకల్యము గలవారికి అందుబాటులో ఉండాలని చెప్పిన ఆ చట్టము మతసంస్థలకు మినహాయింపు ఇచ్చింది. సినిమాహాలు చేయవలసినదానిని ఆలయము చేయనవసరము లేదన్నమాట.

3. రెండు మాటలు: లోపము, వైకల్యము

తెలుగులో ఈ విషయమును బోధించేటప్పుడు మొదటి ఇబ్బంది మాటలతోనే వస్తుంది. ఆంగ్ల రచయితలు రెండు వేర్వేరు పదములతో చెప్పే విషయమును మనము "వైకల్యము" అనే ఒక్క మాటతో చెబుతాము. ఈ వ్యాసములో దేహములోనో మనస్సులోనో ఉన్న స్థితిని "లోపము" అనీ, ఆ స్థితి గలవారికి సమాజమువలన కలిగే అశక్తతను "వైకల్యము" అనీ వాడుతున్నాము. "లోపము" అనే మాటలోనే ఒక తీర్పు దాగి ఉన్నదని మాకు తెలుసు; అంతకంటె మంచి మాట దొరికేవరకు దీనినే వాడుతున్నాము.

మనుషులను పిలిచే మాటలు కూడా మారుతూ వచ్చాయి. అవిటివాడు, కుంటివాడు, గ్రుడ్డివాడు అనే మాటలు మన బైబిలు తర్జుమాలో ఉన్నాయి, మన తిట్లలోనూ ఉన్నాయి. తరువాత "వికలాంగులు" వచ్చింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచించిన తరువాత "దివ్యాంగులు" ప్రచారములోకి వచ్చింది. ప్రభుత్వ శాఖల పేర్లలో "విభిన్న ప్రతిభావంతులు" కనిపిస్తుంది. గౌరవమివ్వాలనే ఉద్దేశము మంచిదే. అయితే ఈ రంగములోని అనేకులు ఒక ప్రశ్న వేస్తారు: మెట్లు అలాగే ఉంచి, మెట్లెక్కలేనివాని పేరు మాత్రము మార్చితే వానికి లాభమేమిటి?

4. సామాజిక నమూనా: ఒక ద్వీపపు ఉదాహరణ

మెట్లున్న భవనము ముందు చక్రాల కుర్చీలో ఒకడు ఆగిపోయాడు. అతడు లోపలికి వెళ్ళలేకపోవడానికి కారణము అతని కాళ్ళా, మెట్లా? వైద్య నమూనా కాళ్ళు అంటుంది. సామాజిక నమూనా మెట్లు అంటుంది. కాళ్ళను మార్చడము వైద్యుని చేతిలో కూడా ఎల్లప్పుడూ ఉండదు. మెట్ల ప్రక్కన వాలుదారి కట్టడము మాత్రము తాపీమేస్త్రి చేతిలోనే ఉన్నది.

ఇది వాదన మాత్రమే కాదని చూపించే చరిత్ర ఒకటి ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ తీరమునకు దగ్గరలో మార్తాస్ వైన్‌యార్డ్ అనే ద్వీపము ఉన్నది. అక్కడ వంశపారంపర్యముగా చెవుడు ఎక్కువగా ఉండేది. పదిహేడవ శతాబ్దము నుండి ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభము వరకు అక్కడ వినగలిగినవారు కూడా చేతిసైగల భాషను చిన్నప్పటినుండే నేర్చుకునేవారు. చేపలు పట్టేచోట, అంగడిలో, ఊరి సమావేశములో ఆ భాష నడిచేది. నోరా గ్రోస్ అనే మానవశాస్త్రవేత్త 1985లో ప్రచురించిన గ్రంథములో ఈ చరిత్రను వివరించారు. ఆ ద్వీపపు వృద్ధులు తమ పొరుగువారిని గుర్తుచేసుకునేటప్పుడు, వారిని జాలరులుగా, రైతులుగా గుర్తుచేసుకున్నారు గాని చెవిటివారుగా వేరుచేసి చెప్పలేదు. చెవుల లోపము అక్కడా ఉన్నది. అయితే ఊరంతటికీ భాష తెలిసినందువలన అది వైకల్యముగా మారలేదు. ఇందుకు విరుద్ధముగా, 1880లో మిలాన్ నగరములో సమావేశమైన విద్యావేత్తలు బధిరుల బడులలో సైగల భాషను తీసివేయాలని తీర్మానించారు. చెవుల లోపము మారలేదు. వైకల్యము మాత్రము పెరిగింది.

5. "సాధారణము" అనే కొలతకర్ర

"వాడు నార్మల్‌గా లేడు" అని మనము ఎంతో తేలికగా అంటాము. ఈ మాటకు కూడా చరిత్ర ఉన్నదని లెన్నార్డ్ డేవిస్ 1995లో వ్రాసిన గ్రంథములో చూపించారు. పూర్వము మనుషులు ఆదర్శ దేహమును గూర్చి మాటలాడేవారు. దేవతా విగ్రహములలో తప్ప అట్టి దేహము ఎవరికీ లేదని అందరికీ తెలుసు. కాబట్టి అందరూ ఎంతో కొంత తక్కువవారే. 1835లో బెల్జియము దేశపు గణాంకశాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే "సగటు మనిషి" అనే భావమును ప్రవేశపెట్టారు. సగటు ఒక కొలతకర్ర అయిన తరువాత, దానికి అవతల ఉన్నవారు "అసాధారణులు" అయినారు. 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ మానవజాతిని మెరుగుపరచాలనే పేరుతో సుజననశాస్త్రమునకు నామకరణము చేశారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బక్ వర్సెస్ బెల్ తీర్పులో, మందబుద్ధి గలవారని ముద్రవేయబడినవారికి బలవంతముగా సంతాన నిరోధ శస్త్రచికిత్స చేయడమును సమర్థించింది.

ఈ దారి ఎక్కడికి పోయిందో మనకు తెలుసు. నాజీ జర్మనీలో 1933 నాటి చట్టము క్రింద దాదాపు 4 లక్షలమందికి అట్టి శస్త్రచికిత్సలు జరిగాయి. 1940 ఆరంభము నుండి 1941 ఆగస్టు వరకు ఆరు కేంద్రములలో 70 వేలకు పైగా వైకల్యము గలవారిని, మానసిక రోగులను విషవాయువుతో చంపారు. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్పు క్లెమెన్స్ వాన్ గాలెన్ ప్రసంగవేదిక మీదనుండి ఈ హత్యలను బహిరంగముగా ఖండించారు. ఆ ప్రసంగపు ప్రతులు రహస్యముగా దేశమంతటా వ్యాపించాయి. అదే నెల 24న ఆ కార్యక్రమమును నిలిపివేస్తూ ఆజ్ఞ వెలువడింది. అయితే 1945 వరకు ఇతర పద్ధతులలో హత్యలు కొనసాగాయి. పనికివచ్చేవారే బ్రతకదగినవారు అనే ఆలోచన ఎంత దూరము వెళ్ళగలదో, ప్రసంగవేదిక ఏమి చేయగలదో రెండూ ఈ చరిత్రలో ఉన్నాయి.

6. లోపలినుండి వచ్చిన విమర్శలు

సామాజిక నమూనాను అందరూ యథాతథముగా అంగీకరించలేదు. విద్యార్థులు ఈ విమర్శలను తెలుసుకొనడము అవసరము.

మొదటిది, నొప్పిని గూర్చినది. జెన్నీ మోరిస్ మొదలైన స్త్రీవాద రచయితలు 1990 దశకములో ఒక విషయము గుర్తుచేశారు. సమాజము పూర్తిగా మారినా కీళ్ళనొప్పి కీళ్ళనొప్పిగానే ఉంటుంది, అలసట అలసటగానే ఉంటుంది. అడ్డంకులను గూర్చి మాత్రమే మాటలాడితే దేహపు అనుభవము మరుగున పడుతుంది. టామ్ షేక్స్‌పియర్ 2006లో వ్రాసిన గ్రంథములో, వైకల్యము అనేది లోపమూ పరిసరములూ కలసి కలిగించే స్థితి అని వాదించారు.

రెండవది, మన వంటి దేశములనుండి వచ్చినది. పాశ్చాత్య పండితులు లోపమును ప్రకృతి సహజముగా తీసుకొని, సమాజమును తరువాత చేర్చుతారు. అయితే లోపమును కూడా సమాజమే పుట్టించే చోట్లు ఉన్నాయి. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మన కన్నుల ఎదుట ఉన్న సాక్ష్యము. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రమాణము. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో భూగర్భజలములో అంతకు ఎన్నోరెట్లు ఉండగా తరతరములు ఆ నీటినే త్రాగారు. పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుములు బిగుసుకుపోయాయి. పొదిలి, దర్శి ప్రాంతములలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించి ప్రచురించారు. అంటే కారణము తెలియక కాదు. మంచినీళ్ళు కొనుక్కోగలిగినవారికీ, వేరే నీరు దొరికినవారికీ ఎముకలు వంగలేదు. అక్కడ లోపము బీదరికపు ముద్ర. మన దేశములో ఈ రంగమునకు పునాది వేసినవారిలో ఒకరైన అనితా ఘాయ్, 2003లోనూ 2015లోనూ వెలువరించిన గ్రంథములలో భారతదేశపు వైకల్యమును కులము, లింగము, బీదరికము లేకుండా అర్థము చేసుకోలేమని వాదించారు.

మూడవది, బధిర సమాజమునుండి వచ్చినది. సైగల భాష గల బధిరులలో అనేకులు తమను లోపము గలవారుగా కాక, ఒక భాషాసమూహముగా భావిస్తారు. వారికి కావలసినది దయ కాదు, దుబాసీ.

7. మన దేశపు చట్టములు, లెక్కలు

1995 నాటి వికలాంగుల చట్టము 7 రకముల వైకల్యములను గుర్తించింది. 2006లో ఐక్యరాజ్యసమితి వైకల్యము గలవారి హక్కుల ఒడంబడికను ఆమోదించగా 2007లో భారతదేశము దానిని ధ్రువీకరించింది. దాని ఫలితముగా వచ్చిన 2016 చట్టము 21 రకములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో రిజర్వేషనును 3 శాతము నుండి 4 శాతమునకు పెంచింది. లోపము గలవారు అడ్డంకుల మూలముగా సమాజములో సమానముగా పాల్గొనలేకపోవడమే వైకల్యమని ఈ చట్టము నిర్వచిస్తుంది. ఇది సామాజిక నమూనా భాష. అయితే పింఛను కావాలన్నా, రిజర్వేషను కావాలన్నా వైద్యుని యెదుట నిలిచి 40 శాతమో అంతకు మించో ఉన్నదని సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. సదరం శిబిరము దగ్గర బారులు తీరిన వారిని చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనవసరము లేదు. అది వైద్య నమూనా. ఒకే చట్టములో రెండు నమూనాలూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వైకల్యము గలవారు 2.68 కోట్లు, అనగా జనాభాలో 2.21 శాతము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారము ప్రపంచ జనాభాలో దాదాపు 16 శాతము. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అంతరమునకు ముఖ్యకారణము ఎవరిని లెక్కించాలి, ఏమని అడగాలి అనే నిర్వచనము. మన సంఘములో అట్టివారు ఒకరిద్దరే అని చెప్పే కాపరి కూడా ముందుగా తన నిర్వచనమును పరీక్షించుకోవాలి. చెవులు సరిగా వినిపించక వెనుక బల్లమీద ఊరకే కూర్చుండే వృద్ధురాలు ఆ లెక్కలో ఉన్నదా?

క్రైస్తవులకు సంబంధించిన మరియొక విషయము. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము జీవిత భాగస్వామికి కుష్ఠువ్యాధి ఉండడము విడాకులకు ఒక కారణముగా ఉండేది. మందులతో పూర్తిగా నయమయ్యే వ్యాధిగా మారిన ఎన్నో ఏళ్ళ తరువాత, 2019 నాటి సవరణతోనే ఆ కారణము తొలగింపబడినది. డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించిన ఇసబెల్ కెర్ వంటి మిషనరీలను మన సంఘము గౌరవముగా స్మరించుకుంటుంది. అదే సంఘపు వివాహములకు వర్తించే చట్టములో ఆ మాట 2019 వరకు ఉన్నదన్నది కూడా మన చరిత్రే.

8. వాక్యమును తిరిగి చదువుట

ఈ రంగము బైబిలు పఠనమునకు ఇచ్చే సహాయమును నాలుగు ఉదాహరణలతో చూద్దాము.

లేవీయకాండము 21:16-23 లోపము గల యాజకుడు బలిపీఠమును సమీపించరాదని చెబుతుంది. ఈ వాక్యభాగము నీడ దీర్ఘకాలము పడింది. 1917 నాటి రోమన్ కతోలిక ధర్మశాస్త్రములో శరీర లోపము గురుపట్టమునకు ఆటంకముగా ఉండేది, 1983 నాటి ధర్మశాస్త్రములో శరీర లోపమును గూర్చిన ఆ నిబంధన లేదు. అయితే అదే భాగములో 22వ వచనమును మనము తరచుగా వదలివేస్తాము. ఆ యాజకుడు అతిపరిశుద్ధమైన ఆహారమును తినవచ్చును. అతడు యాజకుడు కాకుండా పోలేదు. యెషయా 56లో మరియొక స్వరము వినిపిస్తుంది. బయట ఉంచబడిన నపుంసకునికి దేవుని మందిరములోనే స్థానము వాగ్దానము చేయబడుతుంది. లేఖనము లోపలే ఈ సంభాషణ జరుగుతున్నదని విద్యార్థులు గుర్తించాలి.

మెఫీబోషెతు కథను మనము దావీదు కృపకు సాదృశ్యముగానే బోధిస్తాము. అతడు పాపులమైన మనకు గుర్తు అవుతాడు. జెరెమీ షిప్పర్ 2006లో ఈ పాత్రనే కేంద్రముగా చేసికొని ఒక గ్రంథము వ్రాశారు. అతడు కుంటివాడైనది పాపమువలన కాదు. 2 సమూయేలు 4:4 ప్రకారము యుద్ధవార్త విని పారిపోతున్న దాది చేతిలోనుండి అయిదేండ్ల పిల్లవాడు పడిపోయాడు. అతడు సౌలు మనుమడు, అనగా రాజ్యమునకు హక్కుదారు. రాజు బల్లయొద్ద కూర్చుండుట ఆదరణ కావచ్చు, కావలి కూడా కావచ్చు. 16వ అధ్యాయములో అతని తరపున సీబా మాటలాడి అతని ఆస్తిని సంపాదిస్తాడు. 19వ అధ్యాయములో అతడు స్వయముగా మాటలాడినప్పుడు మరియొక కథ వెలుగులోకి వస్తుంది. వైకల్యము గలవాని తరపున ఇతరులు మాటలాడితే ఏమి జరుగుతుందో ఇంతకంటె బాగా చెప్పే కథ అరుదు.

మార్కు 2లో పక్షవాయువు గలవానిని ఆపినది అతని దేహము కాదు, ద్వారము దగ్గర నిలిచిన జనసమూహము. వారు చెడ్డవారు కారు. వాక్యము వినడానికి వచ్చినవారు. నలుగురు స్నేహితులు భవనమును మార్చారు. యేసు వారి విశ్వాసమును చూచినట్లు మార్కు వ్రాశాడు. ఆ విశ్వాసము కనిపించిన రూపము విప్పబడిన పైకప్పు.

యోహాను 9లో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు పాపమెవరిదని అడిగారు. ఈనాటికీ బిడ్డ పుట్టిన ఇంటిలో ఆ ప్రశ్న మొదట తల్లి మీదనే పడుతుంది. యేసు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. అయితే 3వ వచనము మరియొక చిక్కును కలిగిస్తుంది. దేవుని క్రియలు చూపించడానికే ఒక మనిషి సంవత్సరములు గ్రుడ్డివానిగా ఉంచబడ్డాడా? ప్రాచీన గ్రీకు ప్రతులలో విరామచిహ్నములు లేనందున, ఆ వాక్యమును తరువాతి వచనముతో కలిపి చదవవచ్చునని కొందరు వ్యాఖ్యాతలు సూచిస్తున్నారు. అట్లు చదివితే దేవుని క్రియలు గ్రుడ్డితనమునకు కారణము కావు, యేసు ఇప్పుడు చేయవలసిన పనికి ఉద్దేశము. ఈ అధ్యాయములో పొరుగువారు, పరిసయ్యులు, తల్లిదండ్రులు అందరూ అతని గురించి మాటలాడతారు. తల్లిదండ్రులే చివరికి, అతడు వయస్సు వచ్చినవాడు గనుక అతనినే అడగమంటారు. అతడు మాటలాడినందుకు వెలివేయబడతాడు.

జాన్ హల్ అనే క్రైస్తవ విద్యావేత్త నడివయస్సులో పూర్తిగా చూపు కోల్పోయారు. 2001లో వెలువడిన గ్రంథములో ఆయన, బైబిలు చూపున్నవారు వ్రాసిన గ్రంథమని, అందులో గ్రుడ్డితనము తరచుగా అజ్ఞానమునకు, అవిశ్వాసమునకు గుర్తుగా వస్తుందని, గ్రుడ్డి పాఠకునికి అది ఎలా తగులుతుందో వివరించారు. మన ప్రసంగములలో "ఆత్మీయ గ్రుడ్డితనము", "చెవిటి సంఘము" అనే మాటలు వాడేముందు ఆయన మాట జ్ఞాపకము చేసుకోవాలి.

9. గాయములు గల దేవుడు

వేదాంతములో ఈ రంగపు ముఖ్య గ్రంథము నాన్సీ ఐస్‌లాండ్ 1994లో వెలువరించిన "ది డిసేబుల్డ్ గాడ్". పుట్టుకతోనే ఎముకల లోపము గల ఆమె చిన్నతనమునుండి అనేక శస్త్రచికిత్సలు పొందారు. పరలోకములో నీవు సంపూర్ణురాలవవుతావని ఓదార్చినవారి మాటలు ఆమెకు ఓదార్పు కాలేదు. ఆ దేహము లేకపోతే తనను తాను గుర్తుపట్టలేనని ఆమె భావించారు. ఆమె వాదనకు ఆధారము లూకా 24. పునరుత్థానుడైన ప్రభువు తన చేతులను, పాదములను చూపించాడు. మహిమ శరీరములో కూడా గాయపు గురుతులు పోలేదు. శిష్యులు ఆయనను గుర్తుపట్టినది వాటి వలననే. కాబట్టి సంపూర్ణతకు, గాయము లేకపోవడమునకు సమాన చిహ్నము పెట్టలేమని ఆమె వాదించారు.

దీనిపై విమర్శలున్నాయి. సిలువ గాయములు హింసవలన కలిగినవి, పుట్టుకతో వచ్చిన లోపముతో వాటిని పోల్చవచ్చునా అని కొందరడిగారు. బుద్ధిమాంద్యము గలవారికి ఈ వేదాంతములో చోటేదని మరికొందరడిగారు. 2007లో ఏమోస్ యాంగ్ డౌన్ సిండ్రోమ్‌ను గూర్చి, 2008లో హాన్స్ రైండర్స్ స్నేహమును గూర్చి వ్రాసిన గ్రంథములు ఆ ఖాళీని పూరించడానికి ప్రయత్నించాయి. విశ్వాసమును బుద్ధితో ఒప్పుకొనే మాటగా మాత్రమే నిర్వచిస్తే, మాటలు రాని బిడ్డకు బాప్తిస్మములోనూ ప్రభువు బల్లలోనూ చోటెక్కడ? ఇది మన సంఘములు నిర్ణయించవలసిన ప్రశ్న. ప్రపంచ సంఘముల సమాఖ్య 2003లో "అందరి సంఘము, అందరికొరకైన సంఘము" అనే పేరుతో ప్రకటన వెలువరించినప్పుడు వైకల్యము గల వేదాంతులే దాని రచనలో పాల్గొన్నారు.

మరి స్వస్థత ప్రార్థన మానివేయాలా? కాదు. ప్రభువు స్వస్థపరచాడు, సంఘము ప్రార్థించాలి. అయితే మార్కు 10లో బర్తిమయి గ్రుడ్డివాడని అందరికీ తెలిసినప్పటికీ, అతడు ఏమి కోరుతున్నాడో ప్రభువు ముందుగా అతనినే అడిగాడు. మేము అడగలేదు. అడగకుండా ప్రార్థించాము. పౌలు ముల్లు తొలగింపబడలేదని 2 కొరింథీయులకు 12లో చదువుతూనే, స్వస్థత కలగని ఇంటివారి విశ్వాసమును శంకించే బోధను మనము సహించరాదు.

10. సంఘములో చేయవలసినవి

మొదట, అడగాలి. మీకు ఏమి కావాలి, ఏది అడ్డముగా ఉన్నది అని వారినే అడగాలి. కమిటీలో వారికి చోటివ్వాలి.

రెండవది, భవనము. వాలుదారికి సాధారణ ప్రమాణము అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆలయము మెట్లు అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. ద్వారము వెడల్పు కనీసము 90 సెంటీమీటర్లుండాలి. ప్రసంగవేదికకు కూడా వాలు ఉన్నదా అన్నది అసలైన పరీక్ష. వైకల్యము గలవారు వినేవారుగా మాత్రమే వస్తారని మనము అనుకుంటున్నామా, బోధించేవారుగా కూడానా అన్నది అక్కడ తెలుస్తుంది.

మూడవది, ఆరాధన. "అందరము లేచి నిలువబడుదము" అనే చోట "నిలువగలిగినవారు" అని చేర్చడానికి ఖర్చు లేదు. పెద్ద అక్షరముల పాటల పుస్తకము, స్పష్టమైన మైకు, సైగల భాష నేర్చిన ఇద్దరు యువకులు ఉంటే ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి.

నాలుగవది, సెమినరీలు. వైకల్యము గల అభ్యర్థి దరఖాస్తు పెట్టినప్పుడు "పల్లెల్లో ఎలా తిరుగుతాడు?" అనే ప్రశ్న సహజముగా వస్తుంది. ఆ ప్రశ్నను అతని దేహమునకు వేస్తున్నామా, మన పరిచర్య విధానమునకు వేస్తున్నామా అని ఆలోచించాలి. సంఘమనే శరీరములో బలహీనములుగా కనబడే అవయవములు అవసరమైనవని 1 కొరింథీయులకు 12:22లో పౌలు బోధించాడు. అవసరమైనవి అన్నాడు, భరించదగినవి అనలేదు.

ముగింపు

వైకల్య అధ్యయనములు సువార్తకు ప్రత్యామ్నాయము కావు. వాటిలో మనము అంగీకరించలేని వాదములూ ఉండవచ్చును. అయితే మన కన్ను ఎక్కడ నిలుస్తున్నదో అవి మనకు చూపిస్తాయి. ఆ తల్లి తన బిడ్డతో కొంతకాలమునకు మరల ఆరాధనకు వచ్చింది. మేము వారిని ముందుకు పిలువలేదు. ఆ అబ్బాయిని గాయక బృందము ప్రక్కన కూర్చుండబెట్టాము. అతని స్వరము పాటకు ముందో వెనుకో పడేది. మొదటి వారము కొందరు వెనుదిరిగి చూచారు. తరువాతి వారములలో సంఘము తన వేగమును కొంచెము తగ్గించుకొని అతనితో కలిసి పాడడము నేర్చుకున్నది.